రన్నింగ్-ఇన్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350

కొత్త బండ్ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు అప్పటికే కొన్ని వేల కిలోమీటర్లు తిరిగి, ఇంజన్ సర్దుకున్న టెస్ట్ బండ్ల మీద రాసినవే. కొనుక్కున్నవారి చేతికి మాత్రం బండి మీటరులో ఒకటో రెండో కిలోమీటర్లతో, లోపలి భాగాలు ఇంకా ఒకదానికొకటి అలవాటు పడని స్థితిలో వస్తుంది. ఆ దశలో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఎలా ఉంటుంది, రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజన్ భాగాలు సర్దుకునేదాకా జాగ్రత్తగా నడిపే తొలి దశ) నియమాలకు ఎంతవరకు సహకరిస్తుంది, నడిపేవారికి ఎక్కడ అడ్డం తిరుగుతుంది అన్న సంగతులకే ఈ సమీక్ష పరిమితం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రన్నింగ్-ఇన్ ఇంత తేలికగా సాగిపోయే ఇంజన్లు ఇప్పుడు మన మార్కెట్లో తక్కువ. అయితే ఆ పనిని లెక్క ప్రకారం చేయాలనుకునేవారికి అన్నిటికన్నా అవసరమైన మీటరు ఈ బండిలో లేదు.

ఈ తరం క్లాసిక్ 2021 సెప్టెంబరులో వచ్చింది. అంతకు ముందు ఏడాది నవంబరులో మీటియర్ 350తో పరిచయమైన జె-సిరీస్ ఇంజనే దీనిలోనూ ఉంది. సామర్థ్యం 349 సీసీ, బోరు 72 మి.మీ., స్ట్రోకు 85.8 మి.మీ. 6,100 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 20.2 హార్స్‌పవర్, 4,000 ఆర్‌పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. ఈ అంకెల్లో రన్నింగ్-ఇన్‌కు పనికొచ్చేది చివరిదే. ఇంజన్ బలమంతా కింది ఆర్‌పీఎంలోనే అందుతుంది కాబట్టి, 195 కిలోల బండిని ట్రాఫిక్‌లో ముందుకు నడపడానికి యాక్సిలరేటర్ సగం కూడా తిప్పాల్సిన అవసరం రాదు. చిన్న సీసీ బండ్లలో ఫ్లైఓవర్ ఎక్కాలన్నా, బస్సును దాటాలన్నా ఇంజన్‌ను బాగా తిప్పక తప్పదు, కొత్తలో అలా తిప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఎంత జాగ్రత్తపరుడికైనా మనసు పీకుతుంది. క్లాసిక్‌తో ఆ సంకటం దాదాపు ఉండదు.

అసలు ఈ దశలో లోపల జరిగేది ఏమిటో తెలిస్తే తప్ప బండి ప్రవర్తనను అంచనా కట్టలేం. సిలిండరు లోపలి గోడను ఫ్యాక్టరీలో అద్దంలా నున్నగా చేయరు, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకునే అతి సన్నని గీతలు కావాలనే గీస్తారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి అంచుల మీద పిస్టన్ రింగులు రాసుకుని గోడ ఆకారానికి సరిగ్గా ఒదుగుతాయి. రింగును గోడకు గట్టిగా అదిమేది దాని స్ప్రింగు గుణం ఒక్కటే కాదు, పెట్రోలు మండినప్పుడు పుట్టే వాయువు రింగు వెనకకు చేరి నెట్టే ఒత్తిడి కూడా. అందుకే బండిని మరీ నెమ్మదిగా, ఏ భారమూ పడకుండా నడిపితే రింగులు సరిగా కూర్చోకముందే గోడ నునుపెక్కిపోతుంది, ఆ తరువాత ఆయిల్ తాగడం, పొగ రావడం వంటి జబ్బులు మొదలవుతాయి. మరీ దౌడు తీయిస్తే రాపిడి వేడికి గోడ మీద గాట్లు పడతాయి. కావలసింది ఈ రెంటి మధ్య దారి. యాక్సిలరేటర్ కాసేపు ఓ మోస్తరుగా తెరవాలి, వెంటనే వదిలేయాలి, ఒకే వేగంలో ఎక్కువసేపు ఉండకూడదు.

బుల్లెట్ కొన్నామని తెలియగానే ఇంట్లో పెద్దవారో, వీధి చివరి మెకానిక్కో ఇచ్చే సలహా ఒకటి ఉంటుంది: "మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకు." ఈ సలహాను తీసిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే వారు నడిపింది పోత ఇనుము సిలిండరున్న, కుడికాలితో గేర్లు మార్చే పాత బుల్లెట్. వేడికి అల్యూమినియం పిస్టన్ వ్యాకోచించినంతగా ఇనుప సిలిండరు వ్యాకోచించదు. కొత్త ఇంజన్‌లో సందు తక్కువగా ఉన్నప్పుడు వేగంగా పోతే పిస్టన్ పట్టేయడం, బండి నడిరోడ్డు మీద ఆగిపోవడం ఆ రోజుల్లో నిజంగా జరిగేవి. ఆ ఇంజన్‌కు ఆ సలహా ప్రాణరక్ష. తయారీలో కొలతల ఖచ్చితత్వం, ఆయిల్ నాణ్యత, ఇంధనాన్ని కొలిచి పోసే ఇంజెక్షన్ పద్ధతి అన్నీ మారిన నేటి ఇంజన్‌కు అదే మాటను అక్షరాలా పాటిస్తే మేలు కంటే కీడే ఎక్కువ. నలభై దాటకూడదన్న పట్టుదలతో ఐదో గేరులో నలభై మీద లాగించేవారిని నేను చూశాను. ఆ వేగంలో ఐదో గేరు వేస్తే ఈ బండి మూలుగుతుంది, చైన్ టకటకమని కొట్టుకుంటుంది, ఫుట్‌రెస్టుల్లో అదురు తెలుస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ భారం మోయించడం కొత్త బేరింగులకు అధిక వేగమంత చేటు చేస్తుంది. కాబట్టి వేగం ముల్లు కంటే ఇంజన్ మీద పడే భారాన్ని గమనించుకోవడమే ముఖ్యం.

ఇక్కడే క్లాసిక్ లోపం బయటపడుతుంది. ఇందులో ఆర్‌పీఎం చూపే టాకోమీటరు లేదు. పెద్ద గుండ్రటి స్పీడోమీటరు, దాని కింద పెట్రోలు, కిలోమీటర్లు చూపే చిన్న తెర, అంతే. 2024 మార్పుల్లో ఏ గేరులో ఉన్నామో చూపే అంకె చేరింది, అది కొంత మేలు. ఇంజన్ ఎన్నిసార్లు తిరుగుతోందో చూపని బండిలో, ఆర్‌పీఎం హద్దుల ప్రకారం రన్నింగ్-ఇన్ చేయడం ఎలా? యమహా తన కొన్ని బండ్ల మాన్యువల్లలో వాడే కొలమానం ఇక్కడ అక్కరకొస్తుంది. మొదటి 1,000 కిలోమీటర్లు యాక్సిలరేటర్‌ను మూడో వంతుకు మించి, తరువాత 1,600 వరకు సగానికి మించి ఎక్కువసేపు తెరిచి ఉంచవద్దని అది చెబుతుంది. క్లాసిక్‌కు వేగం హద్దులు దాని మాన్యువల్‌లోవే పాటించాలి, కానీ మణికట్టుతో కొలిచే ఈ పద్ధతి ఏ బండికైనా పనిచేస్తుంది. దానికి తోడు చెవి. ఈ ఇంజన్ శబ్దం చాలా స్పష్టంగా గేరు మార్చమని చెబుతుంది. దెబ్బ దెబ్బకూ మధ్య ఎడం తెలిసేంత నిదానంగా వినిపిస్తూ బండి గుంజుకుంటుంటే ఒక గేరు తగ్గించాలి. దెబ్బలన్నీ కలిసిపోయి ఒకే మోతగా మారితే గేరు పెంచాలి, లేదా చెయ్యి వదలాలి. వారం తిరక్కుండానే ఇది ఒంటబడుతుంది. అయినా ఇంత ధర పెట్టి కొన్న బండిలో ఒక ముల్లు అదనంగా పెట్టకపోవడాన్ని పాత రూపం కోసమని సమర్థించడం నాకు నచ్చదు.

రన్నింగ్-ఇన్‌కు దారి ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. కొత్త బండికి అది ఒకందుకు మంచిదే, ఎందుకంటే ఒకే వేగంలో గంటసేపు పోయే రోడ్డు ఈ దశలో పనికిరాదు. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా అనువైనది బీజాపూర్ రహదారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్లలో చేవెళ్ల పరిసరాల పాత మర్రిచెట్లు, ఊళ్ళు, మలుపులు, ఎదురొచ్చే లారీలు మనల్ని ఒకే వేగంలో ఉండనివ్వవు. రెండో గేరు నుంచి ఐదో గేరు దాకా అన్నీ వాడక తప్పదు. విస్తరణ పనుల వల్ల దారి రూపు మారుతోంది కనుక దుమ్ము, మళ్ళింపులు చూసుకోవాలి. అక్కడి నుంచి వికారాబాదు దాటి అనంతగిరి గుట్ట ఎక్కితే ఇంజన్‌కు కొద్దికొద్దిగా భారం పడుతుంది, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి గేరులోనే దింపితే ఇంజన్ బ్రేకింగు జరిగి, రింగుల దగ్గరికి ఆయిల్ బాగా చేరుతుంది. క్లాసిక్ ఇలాంటి దారిలోనే తన మంచి గుణం చూపుతుంది. మూడో గేరులో, ముప్పై అయిదు, అరవై మధ్య వేగంలో ఏ తొందరా లేకుండా ఎక్కిపోతుంది, మనం నియమం పాటిస్తున్నామన్న సంగతే గుర్తుకు రాదు.

నగరంలో సంగతి వేరు. దీనికి రేడియేటరు, ఫ్యాను లేవు. ఇంజన్‌ను చల్లబరిచేది గాలి, ఆయిల్ మాత్రమే. ఎండాకాలం మధ్యాహ్నం అమీర్‌పేట, పంజాగుట్ట వైపు సిగ్నళ్ళ దగ్గర నిలిచి నిలిచి పోవడం కొత్త ఇంజన్‌కు హైవే కంటే కష్టం. హాఫ్ క్లచ్ మీద పాకించకుండా న్యూట్రల్ చేసుకోవాలి, ఎక్కువసేపు ఆగేచోట ఇంజన్ ఆపేయాలి. ఏ కొత్త బండిలోనైనా న్యూట్రల్ పడడం మొదట్లో కాస్త మొండిగానే ఉంటుంది. పూర్తిగా ఆగకముందే, చక్రం కొద్దిగా కదులుతుండగా వేస్తే సులువు. ఇంటికి తెచ్చి ఆపాక సైలెన్సరు వైపు నుంచి వచ్చే టిక్కు టిక్కు శబ్దం, మొదటి రోజుల కాలిన వాసన చూసి కంగారు పడనక్కర్లేదు. వేడెక్కిన లోహం చల్లారే చప్పుడు ఒకటి, ఫ్యాక్టరీలో పూసిన పూతలు కాలడం మరొకటి. పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాక, గుడి ముందే బండిని నిలబెట్టి బలంగా రేజ్ చేసే వేడుక ఒకటి మన దగ్గర ఉంది. నిమ్మకాయలతో ఇంజన్‌కు పేచీ లేదు కానీ, ఆయిల్ ఇంకా పైకి చేరని చల్లటి ఇంజన్‌ను భారం లేకుండా అరిపించడం మాత్రం మానుకోవాలి. కొత్త టైర్ల పైపూత అరిగేదాకా అవి జారతాయి, బ్రేకు ప్యాడ్లు డిస్కు మీద కుదురుకునేదాకా పూర్తి పట్టు ఇవ్వవు. అంత బరువున్న బండిలో ఈ రెండూ ఇంజన్ కంటే ముందు పట్టించుకోవలసినవి.

తొలి సర్వీసు 500 కిలోమీటర్ల దగ్గర. దాన్ని వాయిదా వేయకూడదు. లేబరు ఉచితం, ఆయిల్, ఫిల్టరు డబ్బులు మనవే. వీలైతే దగ్గరుండి చేయించుకోమంటాను. నేను చూసిన సర్వీసులో డ్రెయిన్ బోల్టు విప్పగానే ట్రేలో పడ్డ ఆయిల్ పైకి నల్లగానే కనిపించింది, మెకానిక్కు ట్రేను వెలుతురు వైపు వంచినప్పుడు మాత్రం అందులో వెండిపొడి చల్లినట్టు సన్నటి మెరుపు తేలింది. ఇన్నాళ్ళూ రింగులు, గేర్ల పళ్ళు, క్లచ్ ప్లేట్లు రాసుకుని రాల్చిన పొడి అది. ఈ బండిలో ఇంజన్‌కు, గేరుబాక్సుకు, క్లచ్‌కు ఒకటే ఆయిల్ కావడంతో ఆ పొడి అన్నిచోట్లా తిరుగుతుంది. మెరుపు సహజమే, గోటికి తగిలేంత ముక్కలు కనిపిస్తే మాత్రం అడగాలి. పాత ఫిల్టరు బయటికి తీశారా, దాని మూత ఓ-రింగు సరిగా కూర్చుందా, డ్రెయిన్ బోల్టు కింద వాషరు ఉందా అన్నవి కంటితో చూసుకోదగ్గ విషయాలు. అంతకు ముందు తరం ఇంజన్లలో టాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) హైడ్రాలిక్‌వి, వాటిని ఎవరూ సర్దాల్సిన పని ఉండేది కాదు. జె-సిరీస్‌లో ఆ ఏర్పాటు లేదు, కాబట్టి టాపెట్ సందు చూశారా అని జాబ్ కార్డులో రాయించుకోవాలి. చైన్ కూడా కొత్తలోనే ఎక్కువ సాగుతుంది. దాన్ని మరీ బిగించేస్తే గేరుబాక్సు బేరింగు మీద భారం పడుతుంది, కొద్ది వదులు ఉండాల్సిందే.

ఆయిల్ విషయంలో కంపెనీ చెప్పినది 15డబ్ల్యూ-50 సెమీ సింథటిక్, జాసో ఎంఏ2 ప్రమాణం. తడి క్లచ్ (ఇంజన్ ఆయిల్‌లోనే తిరిగే క్లచ్) ఉన్న బండ్లకు ఆ ప్రమాణం తప్పనిసరి, కార్లకు వాడే ఆయిల్‌లో రాపిడి తగ్గించే పదార్థాలు ఉంటాయి కనుక పోస్తే క్లచ్ జారుతుంది. తొలి సర్వీసులోనే ఫుల్లీ సింథటిక్ పోయమని అడగడం ఇప్పుడు ఫ్యాషనయింది. రింగులు ఇంకా కూర్చుంటున్న దశలో కంపెనీ చెప్పిన ఆయిల్ మానేయడానికి నాకు కారణం కనిపించదు. మధ్యలో మట్టం చూసుకోవడం చాలా సులువు. ఇంజన్ కుడివైపు చిన్న గాజు కిటికీ ఉంది. బండిని కాసేపు నడిపి, కట్టేసి, కొద్ది నిమిషాలాగి, సెంటర్ స్టాండు వేసి నిటారుగా ఉన్నప్పుడే చూడాలి. సైడ్ స్టాండు మీద చూస్తే ఆయిల్ ఎడమకు ఒరిగి తక్కువున్నట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్మి అదనంగా పోసేవారున్నారు.

సర్వీసు తరువాత తేడా స్పష్టంగా తెలుస్తుంది. గేర్లు తొక్కితే మెత్తగా పడతాయి, అరవై దగ్గర ఉన్న బిగుతు సడలుతుంది, ఐదో గేరు యాభై దాటగానే హాయిగా పడుతుంది. మైలేజీ కూడా మెరుగవుతుంది కానీ మొదటి ట్యాంకులతో లెక్కలు కట్టడం వృథా. వేగం హద్దు సర్వీసుతోనే తొలగిపోదు. రెండు వేల కిలోమీటర్లు దగ్గరపడే వరకు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, ఎనభై, తొంభై మీద కాసేపు పోనిచ్చి మళ్ళీ తగ్గించాలి.

రోజూ ఆఫీసుకు వెళ్ళివస్తూ వారాంతాల్లో వంద, నూట యాభై కిలోమీటర్లు తిరిగేవారికి ఈ దశ తెలియకుండానే గడిచిపోతుంది. బండి తీసుకున్న వారంలోనే వెనక ఒకరిని, ఇరుపక్కల సామాను పెట్టుకుని హైదరాబాదు నుంచి తిరుపతికో విశాఖకో నాలుగు వరుసల హైవే మీద పోవాలనుకునేవారు మాత్రం డెలివరీని ప్రయాణానికి నెలా నెలన్నర ముందుకు జరుపుకోవాలి, తొలి సర్వీసు, ఆపైన మరో వెయ్యి కిలోమీటర్లు పూర్తయ్యే వీలుండాలి. షోరూంలో బుకింగు చేసేటప్పుడే సర్వీసు స్లాటు గురించి కూడా అడిగి పెట్టుకుంటే మంచిది. పండుగల ముందు అవి అంత తేలికగా దొరకవు.