లైబ్రరీ డేటాబేస్‌లు, జొటేరో: పీహెచ్‌డీ అయ్యేదాకా వాడాక

వ్యాసాలు వెతికిపెట్టడానికి లైబ్రరీలు ఇచ్చే ఆన్‌లైన్ డేటాబేస్‌లు చాలా మంచివి. వెతికినవి దాచుకోవడానికి మాత్రం వాటిని నమ్ముకోవద్దు. పగలు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి, రాత్రిళ్లు వీటి ముందు కూర్చుని గోదావరి డెల్టా కాలువల చరిత్ర మీద పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసినదాన్ని కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను. నేను ఎక్కువగా వాడినవి జేస్టోర్, ఎబ్‌స్కో, ప్రోక్వెస్ట్, థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ, వీటితో పాటు సేజ్, కేంబ్రిడ్జ్ లాంటి పబ్లిషర్ల సొంత సైట్లు. దాచుకోవడానికి జొటేరో అనే సాఫ్ట్‌వేర్. సైన్సు వాళ్ల అవసరాలు వేరు, వాళ్లకు కావాల్సింది నిన్నమొన్నటి వ్యాసం. నాకు కావాల్సింది ఒక్కోసారి వందేళ్ల కిందటిది.

లోపలికి వెళ్లే దారి గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. కాలేజీ వాళ్లకు గాంధీనగర్‌లోని యూజీసీ లైబ్రరీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఎన్-లిస్ట్ ఉంది, ఆన్‌లైన్ పత్రికలు, పుస్తకాలు అందించే సేవ అది. కాలేజీ సభ్యత్వం కట్టి ఉంటే, లైబ్రేరియన్ మన పేరు చేర్చగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వస్తాయి. యూనివర్సిటీ వాళ్లకు రిమోట్ లాగిన్ ఉంటుంది. వీటికి తోడు 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే పథకం, అంటే అందరికీ కలిపి ప్రభుత్వమే కట్టే చందా, 2025 జనవరిలో మొదలైంది. 30 మంది పబ్లిషర్ల దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. తొలి దశలో ప్రైవేటు కాలేజీలు లేవు. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీలే ఎక్కువ కాబట్టి అక్కడ చదివేవాళ్లకు, పాఠాలు చెప్పేవాళ్లకు ఈ అంకెలు చూసి ఒరిగేదేమీ లేదు. వాళ్లు ముందుగా చేయాల్సిన పని జేస్టోర్‌లో సొంత అకౌంట్ తెరవడం. అది ఉచితం. 30 రోజులకు వంద వ్యాసాలు స్క్రీన్ మీద చదువుకోవచ్చు, పీడీఎఫ్ దించుకోవడం మాత్రం ఉండదు. చదువుతూ నోట్సు రాసుకునే అలవాటున్నవాళ్లకు నెలకు వంద అంటే తక్కువేమీ కాదు.

ఇక వెతకడం. మన ప్రాంతం మీద పనిచేసేవాళ్లు ఎదుర్కొనే మొదటి చిక్కు ఊళ్ల పేర్లు. కంప్యూటర్‌కు కాకినాడ అంటే కాకినాడే, కొకనాడ తెలియదు. తెల్లవాళ్ల కాలపు రాతల్లో ఏలూరు ఎల్లోర్, మచిలీపట్నం మసూలిపటం, విశాఖ విజగపటం, కృష్ణ కిస్ట్నా. గుంటూరు స్పెల్లింగులో ఒకప్పుడు రెండు ‘ఓ’లు ఉండేవి. గోదావరి సంగతి మరీ ఘోరం, చివర ‘ఏ ఆర్ ఐ’ అని రాసినవాళ్లున్నారు, ‘ఈ ఆర్ వై’ అని రాసినవాళ్లున్నారు. హెన్రీ మోరిస్ 1878లో వేసిన జిల్లా చరిత్ర పేరులోనే ఈ రెండో స్పెల్లింగు ఉంది. 1832-33 నాటి గుంటూరు కరువు, అదే మనవాళ్లు నందన కరువు అనేది, దాని గురించి ఇప్పటి స్పెల్లింగుతో మాత్రమే వెతికితే దాని గురించి ఎవరూ పెద్దగా రాయలేదనిపిస్తుంది. పాత స్పెల్లింగు కలిపాక చూడండి.

అందుకని ఒక్కో ఊరికి అన్ని స్పెల్లింగులూ ఒక బ్రాకెట్‌లో పెట్టి, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘ఓఆర్’ (వీటిలో ఏదున్నా సరే అని) వేస్తాను. ఆ బ్రాకెట్ పక్కన ‘ఆండ్’ (రెండూ ఉండాలని) పెట్టి రెండో బ్రాకెట్‌లో విషయం: ఆనకట్ట, కాలువ, నీటిపారుదల, వాటి ఇంగ్లిష్ పర్యాయపదాలు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ కాలపు ఇంజనీర్లు ఆనకట్ట అన్న మన మాటనే ఇంగ్లిష్‌లోకి ‘ఆనికట్’ అని తీసుకున్నారు కాబట్టి, ఆ మాట వేస్తే డ్యాం అని వేసినదానికంటే మంచి ఫలితాలు వస్తాయి. ఇలా తయారైన వరసను ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టుకుని, ప్రతి డేటాబేస్‌లోనూ అదే అతికించేదాన్ని. కాకపోతే దగ్గర దగ్గరగా ఉన్న పదాలను పట్టే గుర్తులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. రెండు పదాలు ఐదు మాటల దూరంలో ఉండాలంటే ఎబ్‌స్కోలో ‘ఎన్5’, ప్రోక్వెస్ట్‌లో ‘నియర్/5’. జేస్టోర్‌లో అయితే అడ్వాన్స్‌డ్ సెర్చ్‌కు వెళ్లి నియర్ 5, 10, 25లలో ఒకటి ఎంచుకోవాలి. ఇది నేర్చుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు, కానీ నేర్చుకోకపోతే గోదావరి ఒక పేజీలోనూ కాలువ ఇంకెక్కడో యాభయ్యో పేజీలోనూ ఉన్న వ్యాసాలన్నీ వచ్చి మీద పడతాయి.

జేస్టోర్ బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. అది వ్యాసం మొత్తాన్నీ వెతుకుతుంది. ఎక్కడో ఫుట్‌నోట్‌లో ధవళేశ్వరం పేరు వచ్చినా పట్టి చూపిస్తుంది. నా థీసిస్‌కు బాగా పనికొచ్చిన కొన్ని వ్యాసాల శీర్షికల్లో గోదావరి ఊసే లేదు. శీర్షికలు, అబ్‌స్ట్రాక్ట్‌లు (వ్యాసం మొదట్లో ఇచ్చే సారాంశాలు) మాత్రమే వెతికే ఇండెక్స్‌లలో అవి ఎన్నటికీ తగలవు. మరోవైపు, అబ్‌స్ట్రాక్ట్ వరకే వెతుకుదామని జేస్టోర్‌లో ప్రయత్నిస్తే పాత వ్యాసాల్లో చాలావాటికి అసలు అబ్‌స్ట్రాక్టే ఉండదు, మంచివన్నీ జారిపోతాయి. పుస్తక సమీక్షలు కుప్పలుగా వస్తాయి కాబట్టి పక్కనున్న ఫిల్టర్‌లో వ్యాసాలు మాత్రమే అని టిక్ పెట్టుకోవాలి. తేదీ ఫిల్టర్ అచ్చయిన ఏడాదిని బట్టి పనిచేస్తుంది, విషయం ఏ కాలానిదో దానికి పట్టదు. ఇది చెప్పకపోతే విద్యార్థులు 1850 నుంచి 1900 అని పెట్టేసి ఏమీ దొరకలేదని వస్తారు.

ఇంకో చిన్న సంగతి: మనకు అందుబాటులో ఉన్నవే చూపించు అనే సెట్టింగ్‌ను తీసేయండి. అన్నీ కనిపించనివ్వండి. ఒక వ్యాసం ఉందని తెలిస్తే దాన్ని తెచ్చుకోవడానికి వేరే దారులున్నాయి. 1988 నుంచి ఢిల్లీలో పనిచేస్తున్న లైబ్రరీల నెట్‌వర్క్ డెల్నెట్‌లో మీ లైబ్రరీకి సభ్యత్వం ఉంటే వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. రాసినవాళ్లకే మర్యాదగా ఒక ఇమెయిల్ పెట్టినా చాలామంది పంపిస్తారు. ఉందని తెలియకపోతే అడిగేది ఎవరిని?

రచయితల పేర్లతో వెతకడం మన దగ్గర సగం జూదం. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, చివరి మాటే ఇంటిపేరు అనుకునే అలవాటు డేటాబేస్‌లది. శ్రీనివాసరావు అనే ఆయన ఒక చోట ‘రావు, ఎస్.’, మరో చోట ‘శ్రీనివాస రావు, పి.’, ఇంకోచోట పొడి అక్షరాలు తిరగబడి ఉంటారు. ఇంటిపేరుతో వెతికితే మనిషి దొరకడు, రావు అని వెతికితే సగం ఆంధ్ర దొరుకుతుంది. ఒక వ్యాసం దొరికాక దాని ఫుట్‌నోట్లలోంచి ఆయన మిగతా రచనలు పట్టుకోవడమే నాకు కుదిరిన పద్ధతి.

శోధ్‌గంగ గురించి విడిగా చెప్పాలి. దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు ఒకచోట, లాగిన్ లేకుండా, ఉచితంగా. మన జిల్లాల మీద, మన కాలువల మీద, విదేశీ పత్రికలు పట్టించుకోని విషయాల మీద పని ఉన్నది ఇక్కడే. నాణ్యత ఎగుడుదిగుడుగా ఉంటుంది, అది వేరే సంగతి. ఒక్కో అధ్యాయం ఒక్కో పీడీఎఫ్‌గా ఉంటుంది కాబట్టి అన్నీ దించి, వరస నంబర్లతో పేర్లు పెట్టుకోవాలి. తెలుగులో రాసిన థీసిస్‌లయితే ఇంకో తలనొప్పి. స్కాన్ చేసినవయితే లోపల వెతకలేం. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినవయితే స్క్రీన్ మీద ముత్యాల్లాంటి అక్షరాలు కనిపిస్తాయి, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు. వాటికి నేను చేసేది ఒక్కటే: చదివి, కావాల్సిన వాక్యాన్ని పేజీ నంబరుతో సహా నోట్సులో యూనికోడ్‌లో టైపు చేసుకోవడం. విసుగే, కానీ ఆ ఒక్క ముక్కా తర్వాత వెతికితే దొరుకుతుంది.

ఇక అసలు విషయం, దాచుకోవడం. ప్రతి డేటాబేస్‌లోనూ ఫోల్డర్ అనో, ప్రాజెక్ట్ అనో, వర్క్‌స్పేస్ అనో ఒకటి ఉంటుంది. సంస్థ లాగిన్ వేరు, మన సొంత అకౌంట్ వేరు అన్న సంగతి చాలామందికి తెలియదు. కాలేజీ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లినా, పైన మూలలో ఉన్న సొంత అకౌంట్‌లోకి మళ్లీ సైన్ ఇన్ అవకపోతే, ఫోల్డర్‌లో వేసినవి కాసేపు కదలకుండా కూర్చుంటే సెషన్‌తో పాటే ఎగిరిపోతాయి. ఒక పెద్ద డేటాబేస్ వాళ్లు మధ్యలో సైటు రూపమంతా మార్చారు. నా పాత ఫోల్డర్లలో కొన్ని కొత్త దాంట్లోకి రాలేదు. సహాయం కోసం రాస్తే మీ సంస్థ లైబ్రరీని అడగమన్నారు. మా లైబ్రేరియన్ మేడమ్ పాపం తనకు తెలిసినంతా చేశారు, పని కాలేదు. ఈలోగా అవన్నీ జొటేరోలో ఉండబట్టి నాకు టెన్షన్ లేకపోయింది.

జొటేరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో, చరిత్రకారుల కేంద్రంలో పుట్టింది. ఉచితం, ఓపెన్ సోర్స్. బ్రౌజర్‌లో చిన్న బటన్ పెట్టుకుంటే, వ్యాసం పేజీ మీద నొక్కగానే రచయిత, పత్రిక, సంపుటం, పేజీలు, మనకు అనుమతి ఉంటే పీడీఎఫ్ కూడా వచ్చి కూర్చుంటాయి. ఫలితాల జాబితా మీద ఉన్నప్పుడు ఆ బటన్ ఫోల్డర్ బొమ్మగా మారుతుంది, నొక్కితే కావాల్సినవాటికి టిక్ పెట్టుకోవచ్చు. డీఓఐ, అంటే ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు, అతికించినా వివరాలు తెచ్చుకుంటుంది. దించిన పీడీఎఫ్‌కు రచయిత, ఏడాది, శీర్షికతో తనే పేరు పెడుతుంది. మన పేర్ల గొడవకూ అందులో ఒక మందు ఉంది. పేరు గడి పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే రెండు గడులు ఒక గడిగా మారతాయి, పేరు మొత్తం మనం రాసినట్టే ఉంటుంది.

అయితే జొటేరో తెచ్చిన వివరాలను కళ్లు మూసుకుని నమ్మొద్దు. డేటాబేస్‌లో ఎలా ఉంటే అలా తెస్తుంది. శీర్షికలన్నీ పెద్ద అక్షరాల్లో రావడం, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ లాంటి వారపత్రికల్లో సంచిక నంబరు తప్పిపోవడం నేను చూశాను. దించిన రోజే, పీడీఎఫ్ మొదటి పేజీ పక్కన పెట్టుకుని సరిచూస్తే అర నిమిషం పని. థీసిస్ చివర్లో సరిచూద్దామంటే అది వారాల పని.

ఇంకో రెండు విషయాలు వాడుతూ వాడుతూ తెలిశాయి. జొటేరోలో పీడీఎఫ్ మీద పెట్టిన రంగులు, రాసిన వ్యాఖ్యలు దాని సొంత డేటాబేస్‌లో ఉంటాయి, పీడీఎఫ్ ఫైల్‌లో కాదు. ఫైల్‌ను నేరుగా కాపీ చేసి గైడ్ గారికి పంపితే ఆయనకు అవేవీ కనిపించవు. ఎక్స్‌పోర్ట్ చేసి పంపాలి. రెండోది, ఉచిత నిల్వ 300 ఎంబీ. స్కాన్ పీడీఎఫ్‌లు చేరితే అది తొందరగానే నిండిపోతుంది. ఏడాదికి 20 డాలర్లు కడితే 2 జీబీ ఇస్తారు. నేను కట్టలేదు, వివరాలు మాత్రం సింక్ చేసి, ఫైళ్లున్న మొత్తం ఫోల్డర్‌ను జొటేరో మూసేశాక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తాను. ఆ ఫోల్డర్‌ను తీసుకెళ్లి డ్రాప్‌బాక్స్ లాంటి వాటిలో పెట్టకండి, డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉందని జొటేరో వాళ్లే హెచ్చరిస్తారు.

లింకులు దాచేటప్పుడు అడ్రస్ బార్‌లో ఉన్నది కాపీ చేయకూడదు. రిమోట్ లాగిన్‌లో ఉన్నప్పుడు ఆ లింకులో మన యూనివర్సిటీ ప్రాక్సీ (మనల్ని లోపలికి పంపే మధ్య సర్వర్) పేరు కలిసి ఉంటుంది. వేరే ఊరి స్నేహితురాలికి పంపితే ఆమెకు లాగిన్ పేజీ వస్తుంది, రేపు మనకూ అంతే. డీఓఐ గానీ, జేస్టోర్ ఇచ్చే స్టేబుల్ లింకు గానీ తీసుకోవాలి. శోధ్‌గంగలో అయితే ‘10603’తో మొదలయ్యే హ్యాండిల్ నంబరు.

దించుకోవడం మొదలెట్టాక దురాశ పుడుతుంది, సంచికలకు సంచికలు దించేద్దామనిపిస్తుంది. అలా ఒకేసారి గుత్తగా దించడాన్ని లైసెన్సులు ఒప్పుకోవు, సర్వర్ పసిగడితే మొత్తం క్యాంపస్‌కే ఆపేయగలరు. అయినా చదవని పీడీఎఫ్‌లు పోగేసి ఏం చేసుకుంటాం?

పట్టా చేతికొచ్చాక నా యూనివర్సిటీ ఐడీ ఆపేశారు. దాంతో అక్కడి ఫోల్డర్లు, సేవ్ చేసిన సెర్చ్‌లు, అలర్ట్‌లు నాకు అందకుండా పోయాయి. జొటేరో, హార్డ్ డిస్క్, స్పెల్లింగుల టెక్స్ట్ ఫైల్ ఉన్నాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్న కొత్త వ్యాసం కాలేజీ లాగిన్‌తో, జేస్టోర్ ఉచిత అకౌంట్‌తో నడిచిపోతోంది. ఐడీ ఇంకా ఉన్నవాళ్లు ఆఖరి నెలల్లో రెండు పనులు చేసుకోండి. ప్రతి డేటాబేస్‌లోని ఫోల్డర్‌ను ఆర్ఐఎస్ ఫైల్‌గా (వ్యాసాల వివరాలు మాత్రమే ఉండే ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసి జొటేరోలోకి తెచ్చుకోండి. పీడీఎఫ్‌లు దాంతో రావు, వాటిని విడిగా దించాలి, అందుకే ఆఖరి వారం దాకా ఆగొద్దు. పత్రికల కొత్త సంచికల విషయసూచికలు పంపే అలర్ట్‌లను యూనివర్సిటీ మెయిల్ నుంచి తీసేసి, పబ్లిషర్ల సైట్లలో సొంత మెయిల్‌తో మళ్లీ పెట్టుకోండి. వాటికి ఏ చందా అక్కర్లేదు.