అమ్మ ముత్యాల దండ మళ్లీ గుచ్చించాం, పత్తర్‌గట్టిలో
అమ్మ పెళ్లినాటి రెండు పేటల ముత్యాల దండ దారం బాగా సాగిపోయి ముత్యాల మధ్య సందులు కనిపిస్తున్నాయి, తెగితే ఒక్కటి కూడా దొరకదని భయమేసి చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో ఒక చిన్న షాపుకి తీసుకెళ్లాం. ఆ పెద్దాయన ముందు మా ఎదురుగానే ముత్యాలన్నీ లెక్కపెట్టి చీటీ మీద రాసిచ్చారు, అది నాకు చాలా నచ్చింది. తర్వాత పట్టుదారంతో ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేస్తూ గుచ్చారు, ముడి ఉంటే ఒకదానికొకటి రాసుకోవు, దారం తెగినా అన్నీ రాలిపోవు. గంటన్నర పట్టింది, కళ్లార్పకుండా చూశాం.

సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాకే దండ వేసుకోమన్నారు, తీశాక మెత్తటి గుడ్డతో చెమట తుడవాలంట. నిమ్మరసం, వెనిగర్ అస్సలు తగలనివ్వద్దు, ముత్యంలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేటే కదా, పులుపుకి పైపొర కరిగిపోతుంది. మేమేమో ఇన్నేళ్లూ బంగారం గొలుసులతో కలిపి ఒకే డబ్బాలో పడేశాం, గీతలు పడ్డాయి పాపం, అవి ఇక పోవు.

మూసీ అవతల నుంచైనా వెళ్లొచ్చు, పనితనం అంత బాగుంది. పార్కింగ్ మాత్రం కష్టం, ఆటోలో వెళ్లండి.