వేలాడదీయాలా, బీకరును తూచాలా: సాంద్రత మీటరుకు రెండు అమరికలు

సాంద్రత మీటరును ఇలా రెండు రకాలుగా అమర్చవచ్చు. రెండింటికీ ఆర్కిమెడీస్ సూత్రమే (మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికవుతుంది) ఆధారం. బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్‌సెల్, ఆ సంకేతాన్ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 చిప్, లెక్కకట్టే చిన్న బోర్డు ఆర్డ్యునో కూడా అవే. తేడా లోడ్‌సెల్ మోసే బరువులో ఉంది.

మొదటి పద్ధతిలో నమూనాను లోడ్‌సెల్‌కు వేలాడదీసి గాలిలో, తర్వాత నీళ్లలో తూచాలి. 100 గ్రాముల దాకా తూచే సెల్ సరిపోతుంది కాబట్టి 0.01 గ్రాము తేడా కూడా పట్టుకోవచ్చు. రెండోదాంట్లో నీళ్ల బీకరు సెల్ మీద ఉంటుంది, నమూనా విడి స్టాండుకు వేలాడుతుంది. మునిగాక పెరిగిన బరువే తొలగిన నీటి బరువు. బిగించడం తేలిక, కానీ నీళ్లతో కలిపి బీకరే 350 గ్రాములుంటే కనీసం 500 గ్రాముల సెల్ కావాలి, సూక్ష్మత తగ్గుతుంది. నమూనా అడుగుకు తగిలితే లెక్క మొత్తం తప్పు.

50 గ్రాముల గ్రానైట్ ముక్క నీళ్లలో 18.79 గ్రాములు తగ్గిందనుకుందాం. సాంద్రత 50 ÷ 18.79 × 0.9957 = 2.65 (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో). ఆ 0.9957 అనేది 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత. బెజవాడ ఎండల్లో దాన్ని 1 అనుకుంటే 0.4 శాతం పొరపాటు వస్తుంది, అందుకే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు తప్పక పెట్టండి.

10 గ్రాముల 22 క్యారెట్ల ఉంగరానికి మాత్రం రెండూ చాలవు: తొలగే నీరు సుమారు 0.56 గ్రామే, 0.01 తప్పితే సాంద్రత 0.3 మారిపోతుంది. రాళ్లకు, లోహపు ముక్కలకు మొదటిదే మా ఎంపిక. సన్నటి తీగ వాడండి, కాచి చల్లార్చిన నీళ్లలో సబ్బుచుక్క వేసి బుడగలు వదిలించండి. తూచేటప్పుడు ఫ్యాను ఆపాలి.