హర్ స్టోరీ: సరైన మాట టైపు చేస్తేనే కేసు కదులుతుంది

పాత పోలీసు కంప్యూటర్, తెర మీద ఒక సెర్చ్ బాక్స్, అందులో ముందే టైపు చేసి ఉన్న 'మర్డర్' అనే మాట. ఎంటర్ కొట్టగానే కొన్ని వీడియోలు వస్తాయి. గేమ్ రూపకర్త శామ్ బార్లో 2015లో విడుదల చేసిన వీడియో గేమ్ 'హర్ స్టోరీ' ఇలా మొదలవుతుంది. ఎలా ఆడాలో ఎవరూ చెప్పరు. ఆ కంప్యూటర్ తెర మీదున్న రీడ్‌మీ ఫైళ్లు (సూచనల ఫైళ్లు) మాత్రం వదలకుండా చదవండి, రూల్స్ అన్నీ వాటిలోనే ఉన్నాయి.

కథ 1994 నాటి బ్రిటన్‌లో జరుగుతుంది. సైమన్ అనే వ్యక్తి కనిపించకుండా పోతాడు. పోలీసులు అతని భార్యను ఏడుసార్లు పిలిచి ప్రశ్నిస్తారు. ఆ రికార్డింగులే 271 ముక్కలై డేటాబేస్‌లో ఉన్నాయి. పోలీసుల ప్రశ్నలు ఎక్కడా వినపడవు, ఆమె జవాబులే ఉంటాయి. అడిగిందేమిటో జవాబును బట్టి మనమే పట్టుకోవాలి. మొత్తం భారం మోసింది ఆ భార్య పాత్ర వేసిన నటి వీవా సైఫర్ట్ ఒక్కరే. అనుమానం కలిగించాలని ఆమె ఎక్కడా అతిగా నటించకపోవడమే ఈ ఆటకు ప్రాణం.

అసలు కిటుకు ఒక పరిమితిలో ఉంది. ఒక మాటకు ఎన్ని క్లిప్‌లు దొరికినా, తేదీల వరసలో మొదటి ఐదే చూడనిస్తుంది. 'సైమన్' అని కొడితే డజన్ల కొద్దీ ఉన్నాయని చెప్పి, మొదట్లోని ఐదిటినే చేతిలో పెడుతుంది. కేసును తేల్చే మాటలేమో చివరి ఇంటర్వ్యూల్లో ఉంటాయి. కాబట్టి పేర్లూ, 'హత్య', 'భర్త' లాంటి మాటలూ పట్టుకుని వేలాడితే మొదటి రోజు దగ్గరే ఆగిపోతారు. ఆమె మాటల్లో యథాలాపంగా దొర్లిన వస్తువు పేరో, ఊరి పేరో, వృత్తి పేరో పట్టుకోండి. అలాంటి మాటకు ఐదు కంటే తక్కువ ఫలితాలు వస్తాయి, అంటే ఏదీ దాగి ఉండదు. మామూలు మాటే కావాలంటే రెండు మాటలు కలిపి కొట్టండి, జాబితా చిన్నదవుతుంది. ఏకవచనంతో దొరకకపోతే బహువచనంతో చూడండి. ఆమె మాట్లాడేది బ్రిటిష్ ఇంగ్లిష్. అమ్మను 'మామ్' అని వెతక్కండి, 'మమ్' అని వెతకండి. యాస అలవాటు లేనివాళ్లు సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మంచిది, స్పెల్లింగ్ కూడా అక్కడే తెలిసిపోతుంది.

ప్రతి క్లిప్ మీద తేదీ, సమయం ఉంటాయి. ఒక్కో ఇంటర్వ్యూకి ఆమె బట్టలు మారతాయి కాబట్టి, చూడగానే ఏ రోజుదో చెప్పవచ్చు. క్లిప్‌లకు సొంత ట్యాగ్‌లు (గుర్తు మాటలు) పెట్టుకునే వీలుంది, ఆ ట్యాగ్‌తో తర్వాత వెతకవచ్చు. 'అబద్ధం', 'ఇల్లు', 'వాళ్ల నాన్న' అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు ట్యాగులు పెట్టుకుంటే ఇంకా హాయి, ఆమె మాటలతో కలిసిపోవు. అయినా పక్కన కాగితం, పెన్ను ఉండాల్సిందే. ఒక కాలమ్‌లో తేదీ, ఇంకో దాంట్లో ఆమె చెప్పింది, మూడో దాంట్లో ఇంకా వెతకాల్సిన మాటలు రాసుకోండి. మూడో కాలమ్ లేనివాళ్లే మధ్యలో విసుగొచ్చి వదిలేస్తారు.

లోపాలూ ఉన్నాయి. ఒక ఇంటర్వ్యూలో జవాబులు చాలావరకు 'అవును', 'కాదు' అన్నంత పొట్టిగా ఉంటాయి. ఐదు క్లిప్‌ల పరిమితితో వాటిని పట్టుకోవడం నరకం. 271 క్లిప్‌లూ చూడాలనే పంతం ఉంటే, ముగింపు దాకా వెళ్లండి, పరిమితిని సడలించే కమాండ్ అప్పుడు చేతికొస్తుంది. అంతకుముందు వాటి మీద సమయం వృథా చేయకండి. రెండోది, అదృష్టం పాలు ఎక్కువ. పెద్ద మలుపు ఒకరికి పది నిమిషాల్లో తగలవచ్చు, ఇంకొకరికి రెండు గంటలకు. మూడోది కొందరికి అస్సలు నచ్చదు: మీ తీర్పు సరైందో కాదో ఆట చెప్పదు. తగినంత చూశాక ఒక చాట్ విండో తెరుచుకుని, 'ఇక చాలా?' అన్నట్టు అడుగుతుంది, అంతే. సంకెళ్లు వేసే చివరి సీను కావాలనుకుంటే ఇది మీ ఆట కాదు.

అలాంటివాళ్లకు అదే ఏడాది వచ్చిన 'కాంట్రడిక్షన్' అనే ఆట నప్పుతుంది. అందులో ఇన్‌స్పెక్టర్ జెంక్స్ ఒక పల్లెటూళ్లో తిరుగుతూ, ఒకే మనిషి చెప్పిన రెండు మాటల్లో పొసగని జంటను చూపించి నిలదీస్తాడు. జంట తప్పైనా శిక్షేమీ లేదు కాబట్టి, గుడ్డిగా అన్నీ కలిపి చూసినా ముందుకు పోవచ్చు. అక్కడ పదును తగ్గింది. బార్లోనే 2019లో తీసిన ఇంకో ఆట 'టెల్లింగ్ లైస్'లో క్లిప్ వెతికిన మాట దగ్గరే మొదలవుతుంది. వెనక్కి తిప్పుకోవడానికే ఓపికంతా అయిపోతుంది. 'హర్ స్టోరీ' తర్వాతే దాని జోలికి వెళ్లండి.

ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో ఆడటం మేలు, టైపు చేయడమే ఇక్కడ సగం పని. ఆటలోని తెర మీద పడే ట్యూబ్‌లైట్ మెరుపు కళ్లకు ఇబ్బంది అనిపిస్తే దాన్ని ఆపేసుకోవచ్చు. కానీ మొదటిసారి ఆపకండి, ఆ మెరుపులో అప్పుడప్పుడూ ఒక ముఖం కనిపిస్తుంది, కథకు దానితో పని ఉంది.