బ్లూటూత్ డాంగిల్‌కు పొరుగే ముఖ్యం

బ్లూటూత్ లేని డెస్క్‌టాప్ కంప్యూటరుకు వేలి గోరంత యూఎస్‌బీ డాంగిల్ ఒకటి తగిలించి, కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్స్ మూడింటినీ దాని మీదే చాలాకాలంగా నడుపుతున్నాను. ఇంతకాలం వాడిన మీదట గట్టిగా చెప్పాలనిపిస్తున్నది ఒక్కటే. ఈ పరికరం బాగా పనిచేయడమన్నది పెట్టె మీద అచ్చువేసిన వెర్షన్ నంబరు కంటే, దాన్ని ఏ పోర్టులో పెట్టాం, ఆ పక్క పోర్టులో ఏముంది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పెట్టగానే పనిచేస్తుందని పెట్టె మీద రాస్తారు, ఇన్ని మీటర్ల దూరం అందుతుందని రాస్తారు. హార్డ్ డిస్క్ పక్కన పెట్టవద్దన్న ఒక్క ముక్క మాత్రం నాకు వచ్చిన పెట్టె మీద గానీ లోపలి కాగితంలో గానీ ఎక్కడా లేదు. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఎంతో సమయం మిగిలేది కాబట్టి, ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

ముందు మంచి చెప్పాలి. విండోస్ 10లో గానీ, తర్వాత 11లో గానీ డ్రైవర్ కోసం వెతకవలసిన అవసరం రాలేదు. పోర్టులో పెట్టిన కాసేపటికే సెట్టింగుల్లో బ్లూటూత్ మీట కనిపించింది. కీబోర్డును జత చేసేటప్పుడు తెర మీద వచ్చిన ఆరంకెల సంఖ్యను ఆ కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కితే పని అయిపోయింది. మౌస్‌కు ఒక రిసీవర్, కీబోర్డుకు మరో రిసీవర్ అంటూ ఒక్కోదానికి ఒక్కో పోర్టు సమర్పించుకోవలసిన బాధ తప్పింది. పాటలు వినడానికి శబ్దం నిండుగా ఉంది. డాంగిల్ పోర్టులోంచి బయటికి అర అంగుళం కూడా పొడుచుకు రాకపోవడం అప్పట్లో నాకు బాగా నచ్చిన సుగుణం.

కొన్ని వారాలు సాఫీగా గడిచాక మౌస్ తడబడడం మొదలైంది. బాణం గుర్తు తెర మీద ఒకచోట ఆగి, మరుక్షణం నాలుగు అంగుళాల అవతల తేలేది. కీబోర్డు తీరు ఇంకా చికాకుగా ఉండేది. ఒకసారి నొక్కిన అక్షరం పదిసార్లు వరసగా పడేది, లేదా వెనక్కి చెరిపే మీట ఒకసారి నొక్కితే సగం వాక్యం మాయమయ్యేది. దీనికి కారణం తర్వాత అర్థమైంది. మీట నొక్కారన్న కబురు కంప్యూటరుకు చేరి, వదిలారన్న కబురు ఆలస్యమైతే, మీటను ఇంకా నొక్కిపట్టే ఉన్నారని కంప్యూటరు అనుకుంటుంది, అక్షరాన్ని కొడుతూనే ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం పాట చాలావరకు బాగానే వినిపించేది, అరుదుగా ఒక తెంపు తప్ప. ఒకే డాంగిల్ మీద నడుస్తున్న మూడింటిలో రెండు ఇంతగా ఇబ్బంది పడుతుంటే ఒకటి నిక్షేపంగా ఎలా ఉందన్నదే నన్ను ఎక్కువగా తికమక పెట్టింది.

ఎవరైనా చేసే పనులన్నీ చేసి చూశాను. బ్యాటరీలు మార్చాను, జత తీసేసి మళ్లీ కలిపాను, తయారీదారు ఇచ్చిన డ్రైవర్ వేశాను. బ్లూటూత్‌లాగే మా వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో నడుస్తోంది కనుక కంప్యూటరును 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కు మార్చాను. దానివల్ల కాస్త ఊరట దొరికింది గానీ జబ్బు నయం కాలేదు. ఆధారం దొరికింది ఫైళ్లను ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తున్నప్పుడు. డిస్క్ మీది చిన్న దీపం మిణుకుమిణుకుమంటున్నంతసేపూ మౌస్ తడబడింది, కాపీ పూర్తయి దీపం నిలకడ పడగానే తేరుకుంది. మళ్లీ కాపీ పెట్టాను, మళ్లీ తడబడింది. డిస్క్ కేబుల్‌ను పూర్తిగా పీకేస్తే మౌస్ కొత్తదానిలా కదిలింది. సీపీయూ వెనక నీలం రంగు పోర్టులు, అంటే యూఎస్‌బీ 3.0వి, రెండు పక్కపక్కనే ఉంటే, ఒకదానిలో డాంగిల్, దాన్ని ఆనుకొని రెండోదానిలో హార్డ్ డిస్క్ ఉన్నాయి.

ఇది నా ఒక్క కంప్యూటరుకు వచ్చిన తెగులు కాదు. యూఎస్‌బీ 3.0 సమాచారాన్ని సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పంపుతుంది. ఆ వేగంలో పుట్టే విద్యుత్ సంకేతాల రొద విస్తారమైన పౌనఃపున్యాల మీద పరుచుకుంటుంది, అందులో కొంత 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మధ్య కూడా పడుతుంది. కేబుల్ నుంచి, కనెక్టర్ నుంచి, షీల్డింగ్ (రొదను ఆపే లోహపు కవచం) సరిగా లేని డిస్క్ డబ్బా నుంచి అది బయటికి వస్తుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద కొలతలతో సహా ఒక పత్రం ప్రచురించి, వైర్‌లెస్ రిసీవర్‌ను యూఎస్‌బీ 3.0 పరికరాలకు దూరంగా ఉంచాలని చెప్పింది. బ్లూటూత్ పనిచేసేది సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ (బ్యాండ్)లోనే.

బ్లూటూత్‌కు ఇలాంటి ఆటంకాలను తప్పించుకునే తెలివి లేదా అంటే, ఉంది. క్లాసిక్ బ్లూటూత్ ఆ పట్టీని 79 చానెళ్లుగా విడగొట్టుకొని, సెకనుకు 1600 సార్ల వరకు ఒకదాని నుంచి మరోదానికి గెంతుతూ ఉంటుంది. 1.2 వెర్షన్ నుంచి, రద్దీగా ఉన్న చానెళ్లను గుర్తుపట్టి వదిలేసే పద్ధతి కూడా వచ్చింది. వైఫై విషయంలో ఈ ఉపాయం బాగా పనికొస్తుంది, ఎందుకంటే వైఫై మామూలుగా 20 మెగాహెర్ట్జ్ వెడల్పును మాత్రమే ఆక్రమిస్తుంది, మిగతా భాగం ఖాళీగా దొరుకుతుంది. యూఎస్‌బీ 3.0 రొద అలా ఒకచోట కూర్చోదు, పట్టీ అంతటా పరుచుకొని ఉంటుంది; ఎక్కడికి గెంతినా అక్కడా అదే రొద. హెడ్‌ఫోన్స్ చిక్కుముడి కూడా ఇక్కడే వీడింది. రొద పుడుతున్నది డాంగిల్ పక్కన, కాబట్టి దెబ్బ తగిలేది డాంగిల్ వినికిడికి. మౌస్, కీబోర్డు పంపే బలహీనమైన సంకేతాలను అది వినాలి. అది లౌడ్‌స్పీకర్‌కు చెవి ఆనించి ఎదుటి గదిలోని మాటలు వినబోవడం లాంటిది. హెడ్‌ఫోన్స్ సంగతి వేరు. అక్కడ మాట్లాడేది ఎక్కువగా డాంగిల్, వినేది ఆ రొదకు దూరంగా నా చెవుల దగ్గరున్న పరికరం. అందిందన్న కబురు వెనక్కి రాకపోతే పాట ముక్కను మళ్లీ పంపడానికి వ్యవధి ఉంటుంది, ఎందుకంటే హెడ్‌ఫోన్స్ కొంత శబ్దాన్ని ముందే నిల్వ చేసుకుంటాయి. మౌస్ కదలికకు అంత వ్యవధి ఎవరూ ఇవ్వలేరు.

దీనికి విరుగుడు ఒక మామూలు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్. డాంగిల్‌ను సీపీయూ వెనక నుంచి తీసి, మీటరు పొడవున్న ఆ కేబుల్ చివర పెట్టి, బల్ల మీదికి తెచ్చి మానిటర్ స్టాండుకు అంటించాను. యూఎస్‌బీ 2.0 అంటే వేగం తగ్గిపోదా అని సందేహించనక్కరలేదు: అది సెకనుకు 480 మెగాబిట్లు మోయగలదు, క్లాసిక్ బ్లూటూత్‌కు గరిష్ఠంగా కావలసింది 3 మెగాబిట్లు. ఫలితం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. హార్డ్ డిస్క్‌లోకి పెద్ద ఫోల్డరు కాపీ అవుతుండగానే ఒక చిత్రాన్ని పెద్దది చేసి దాని అంచు వెంబడి మౌస్‌తో గీత గీశాను, ఎక్కడా తెగలేదు. పైగా, అడగని లాభం ఒకటి కలిసొచ్చింది. ఇదివరకు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని గది గుమ్మం దాటితే పాట ముక్కలయ్యేది, ఇప్పుడు పక్క గదిలో తిరిగినా వినిపిస్తోంది. సీపీయూ వెనక ఉన్నప్పుడు డాంగిల్‌కు ఒకవైపు ఇనప రేకు, ఇంకోవైపు గోడ, మధ్యలో నా శరీరం. మనిషి ఒంట్లోని నీరు ఈ తరంగాలను బాగానే పీల్చుకుంటుంది. బల్ల మీదికి వచ్చేసరికి ఈ అడ్డంకులు చాలావరకు తొలగిపోయాయి.

కాబట్టి డాంగిల్ చిన్నదిగా ఉండడం గురించి పైన చెప్పిన మంచి మాటను కొంత సవరించాలి. ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకొని తిరిగేవారికి అది నిజంగా సుగుణమే. డెస్క్‌టాప్‌కు మాత్రం యాంటెన్నా బయటికి పొడుచుకొచ్చి ఉండే కాస్త పెద్ద రకమే మేలని ఇప్పుడు అనుకుంటున్నాను. అలాంటిదైనా హార్డ్ డిస్క్ పక్కన పెడితే ఇబ్బంది తప్పదు.

శబ్దం గురించి అన్న మాటకు కూడా ఒక షరతు ఉంది. పాటలు వింటున్నంతవరకే అది నిండైన స్టీరియో. అదే హెడ్‌ఫోన్స్‌లోని మైక్‌తో ఆన్‌లైన్ సమావేశంలో మాట్లాడడం మొదలుపెట్టగానే, అవతలివాళ్ల గొంతు పాత టెలిఫోనులోంచి వస్తున్నట్టు పలచబడిపోతుంది. ఇది పరికరం లోపం కాదు. క్లాసిక్ బ్లూటూత్‌లో స్టీరియో పాటకు ఒక ప్రొఫైల్ (శబ్దాన్ని పంపే పద్ధతి), రెండువైపులా మాటకు మరో ప్రొఫైల్ ఉన్నాయి. మైక్ తెరవగానే కంప్యూటరు రెండోదానికి మారుతుంది. అందులో శబ్దం మోనో, శబ్దాన్ని కొలిచే నమూనా వేగం సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మాత్రమే. 5.2 వెర్షన్‌తో మొదలైన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త శబ్ద పద్ధతి ఈ కొరతను తీర్చగలదు గానీ, డాంగిల్, హెడ్‌ఫోన్స్, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ దాన్ని సమర్థిస్తేనే అది సాధ్యం. పెట్టె మీద 5.3 అని ఉన్నంతమాత్రాన అది లోపల ఉందని అర్థం కాదు, ఎందుకంటే ఆ సదుపాయం తప్పనిసరి కాదు. నేను మాత్రం వినడానికి హెడ్‌ఫోన్స్, మాట్లాడడానికి వైరున్న విడి మైక్ ఎంచుకొని ఈ గొడవ లేకుండా చేసుకున్నాను.

డ్రైవర్ అవసరం లేదన్న మాట కూడా విండోస్ వరకే. ఇదే కంప్యూటరులో లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉంది. నా డాంగిల్‌లోని రియల్‌టెక్ చిప్‌కు ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) కావలసి వచ్చింది. అది లేనంతసేపూ డాంగిల్ జాబితాలో కనిపించేది గానీ ఏ పరికరాన్నీ వెతకలేకపోయేది. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కొత్తది చేశాక దారికొచ్చింది. ఆ తర్వాత ఎదురైంది అసలు తలనొప్పి: లినక్స్‌లో మౌస్‌ను జత చేస్తే విండోస్‌లో తెగిపోయేది, అక్కడ కలిపితే ఇక్కడ పోయేది. జత చేసిన ప్రతిసారీ ఒక కొత్త రహస్య కీ పుడుతుంది, దాన్ని ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గరే దాచుకుంటుంది. డాంగిల్ చిరునామా మాత్రం రెండింటిలోనూ ఒకటే కాబట్టి, మౌస్ పాత కీని చెరిపేసి కొత్తదాన్నే గుర్తుపెట్టుకుంటుంది. అడుగున చానెల్ మార్చే బొత్తాం ఉన్న మౌస్ తీసుకొని, ఒకటో చానెల్ విండోస్‌కు, రెండోది లినక్స్‌కు కేటాయించాక ఆ బాధ తీరింది.

కీబోర్డు కూడా బ్లూటూత్‌దే కావాలనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ లోడయ్యేదాకా మామూలు డాంగిల్ మూగదే. బయోస్‌లోకి (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే ప్రాథమిక సెట్టింగుల్లోకి) వెళ్లాలన్నా, డిస్క్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ కొట్టాలన్నా వైరున్న కీబోర్డు ఒకటి దగ్గర ఉండాలి. ఇప్పటికే లోపల బ్లూటూత్ ఉండి, అది బలహీనంగా ఉందని డాంగిల్ కొనేవారు, విండోస్ ఒకేసారి ఒక్క బ్లూటూత్ రేడియోతోనే పనిచేస్తుంది కనుక, డివైస్ మేనేజర్‌లో లోపలిదాన్ని ఆపేసి ఆ తర్వాతే దీన్ని పెట్టడం మంచిది.

కొనమంటానా అంటే, నా పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. నా కంప్యూటరు ఒకేచోట కదలకుండా ఉంటుంది, పని ఎక్కువగా రాత, కాస్త చిత్రాల దిద్దుబాటు; ఆటలు ఆడను, సంగీతం వాయించి రికార్డు చేయను. ఆ రెండు పనులు చేసేవారికి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో శబ్దం ఆలస్యంగా చేరడమే పెద్ద అడ్డంకి, దాన్ని ఏ ఎక్స్‌టెన్షన్ కేబులూ తీర్చలేదు. మదర్‌బోర్డులో వైఫై, బ్లూటూత్ కలిసిన కార్డు పెట్టుకునే స్లాట్ ఖాళీగా ఉండి, యాంటెన్నాలు బయటికి తెచ్చుకునే వీలున్నవారు ఆ దారి కూడా ఆలోచించవచ్చు. నాలాగా అది లేని పాత యంత్రం ఉండి, బల్ల మీద వైర్లు తగ్గితే చాలనుకునేవారికి ఈ డాంగిల్ సరిపోతుంది, పొడుగు కేబుల్‌తో కలిపి కొంటేనే సుమా. నా వరకు తీరకుండా మిగిలింది ఒక్కటే. కంప్యూటరు నిద్రలేచాక కీబోర్డు మీద కొట్టిన మొదటి అక్షరం అప్పుడప్పుడు పడదు. డివైస్ మేనేజర్‌లో విద్యుత్ ఆదా కోసం డాంగిల్‌ను ఆపే అనుమతి తీసేశాక ఇది బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, అందుకని పాస్‌వర్డ్ కొట్టేముందు షిఫ్ట్ మీట ఒకసారి తట్టడం అలవాటు చేసుకున్నాను.