మూడు నెలల కోర్సు, 45 వేల ఫీజు, ఒక్క పూట వేడెక్కిన మెషీన్: చేరేముందు ఇది చదవండి

పాలకొల్లు, భీమవరం, నరసాపురం, తణుకు చుట్టుపక్కల ఐటీఐ అయిపోయి ఖాళీగా ఉన్న తమ్ముళ్లూ, పిల్లల కోసం కోర్సులు వెతుకుతున్న అమ్మానాన్నలూ, కొంచెం పెద్ద పోస్టే గానీ ఓపిక చేసుకుని చదవండి. "సింథటిక్ ఫైబర్ ఎక్స్‌ట్రూషన్ మెషీన్ ఆపరేటర్, మూడు నెలల ట్రైనింగ్, నూటికి నూరు శాతం ఉద్యోగం, మొదటి నెల నుంచే 25 వేలు" అని పేపర్లో పాంప్లెట్లు పెట్టి పంచుతున్నారు, వాట్సాప్‌లో కూడా తిరుగుతోంది. నేను అందులో చేరాను. 45 వేలు పోశాను. సంస్థ పేరు రాయను, రాస్తే లాయర్ నోటీసు పంపుతామని ముందే బెదిరించారు, అయినా పేరు వాళ్లకి చొక్కా లాంటిది, మాసిపోతే ఇంకోటి తొడుక్కుంటారు. వాళ్ల పద్ధతి చెప్తాను, అది మాత్రం మారదు.

నేను ఐటీఐ ఫిట్టర్. నాన్నగారు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు, మోటార్లు చూసుకుంటారు. కిందటేడు ఆషాఢంలో ఈ పాంప్లెట్ చూసి వెళ్లాను. మెయిన్ రోడ్డు మీద కాంప్లెక్సులో రెండో అంతస్తు, ఏసీ గది, కౌంటర్లో ఉన్న మేడమ్ "బాబూ, కాఫీ తాగుతారా" అని అడిగాక ఇంకేం అడుగుతాం. కేంద్ర ప్రభుత్వ పథకం అన్నారు, సగం ఫీజు ప్రభుత్వమే కడుతుంది, మీరు కట్టేది సగమే అన్నారు. అప్పుడే లేచి రావాల్సింది. కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం పీఎంకేవీవై గానీ, జౌళి శాఖ సమర్థ్ పథకం గానీ, వాటి కింద ట్రైనింగ్ అయితే నేర్చుకునేవాడు ఫీజు కట్టక్కర్లేదు. సమర్థ్‌లో అయితే పెద్ద మిల్లుల స్పిన్నింగ్, వీవింగ్ అసలు లేనే లేవు, అదంతా నాకు తర్వాత తెలిసింది.

రిజిస్ట్రేషన్‌కి 5 వేలు, కోర్సుకి 25 వేలు, ఉద్యోగం చూపించడానికి 15 వేలు. మూడు సార్లుగా కట్టాం. మొదటి 5 వేలకి రసీదు ఇచ్చారు, మిగతా 40 వేలకి డైరీలో రాసుకున్నారు, వాళ్ల డైరీలో. పైగా టెన్త్, ఐటీఐ ఒరిజినల్ సర్టిఫికెట్లు "వెరిఫికేషన్‌కి" అని తీసుకుని లోపల పెట్టుకున్నారు.

మెషీన్ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్తాను. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే కింద కన్నాల్లోంచి కారప్పూస దిగుతుంది కదా, పని అదే. పిండి బదులు పాలియెస్టర్ చిప్స్ అనే చిన్న ప్లాస్టిక్ గింజలు, చేత్తో నొక్కే బదులు వేడి బ్యారెల్లో తిరిగే స్క్రూ, దాని తర్వాత కొలిచి తోసే గేర్ పంపు, ఆ తర్వాత వెంట్రుకంత దారాలు దిగే స్పిన్నెరెట్ అనే బిళ్ల. కన్నం పావు మిల్లీమీటరు ఉంటుంది, కరిగిన సరుకు 280 డిగ్రీల పైన ఉంటుంది. కన్నాల్లోంచి దిగిన దారం గాలికి చల్లారి, నూనె పూసుకుని, రోలర్ల మీదుగా వెళ్లి వైండర్ మీద నిమిషానికి మూడు వేల మీటర్లు చుట్టుకుంటుంది. అంటే సెకనుకి 50 మీటర్లు. మన లంకల్లో పెద్ద కొబ్బరిచెట్లు రెండింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా అంత పొడుగు రాదు, అంత దారం మీ చేతి ముందు నుంచి రెప్ప వేసేలోపు పోతుంది. దాన్ని పట్టుకుని మెషీన్‌కి ఎక్కించడమే ఈ ఉద్యోగం. ఇది బోర్డు మీద గీస్తే వచ్చే విద్య కాదు.

మాకు మాత్రం బోర్డు మీదే వచ్చింది. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా స్లయిడ్లు. జెరాక్స్ నోట్సు. "బ్యారెల్ జోన్లు ఎన్ని? నాలుగు" అని బట్టీ. కింద షెడ్డులో మెషీన్ ఉంది, కొత్త ఆకుపచ్చ రంగు వేసి తళతళలాడుతూ, దగ్గరికి వెళ్తే పెయింటు వాసన. "పార్టు రావాలి", "టెక్నీషియన్ గారు చెన్నై నుంచి దిగాలి", "వచ్చే సోమవారం" అంటూ రెండు నెలలు గడిచాయి. చిప్స్ బస్తా ఒకటి కిటికీ పక్కన మూతి విప్పి పెట్టారు, శ్రావణమాసం జల్లు కొడుతుంటే కూడా అలాగే ఉంది. తెలిసినవాడు ఎవడైనా ఆ బస్తా చూసి వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. పాలియెస్టర్ చిప్స్‌ని గంటల తరబడి వేడి గాలిలో ఎండబెట్టి, వంద కిలోల్లో తేమ 5 గ్రాముల లోపుకి దించాకే ఎక్స్‌ట్రూడర్‌లోకి వదులుతారు. తేమ ఉంటే కరిగేటప్పుడు ప్లాస్టిక్ లోపలి అణువుల గొలుసులు తెగిపోయి సరుకు పలచబడుతుంది, దారం నిలవదు. మన డెల్టా గాలిలో ఒక వానాకాలం నోరు తెరుచుకుని ఉన్న బస్తాతో ఏం నేర్పుతారు, చెప్పండి.

అసలు సంగతి పట్టుకున్నది నేను కాదు, నాన్నగారు. మూడో వాయిదా కట్టేసి, అన్నం క్యారేజీ నాకు ఇచ్చి, మెషీన్ చూపించరా అంటే షెడ్డులోకి తీసుకెళ్లాను. ఆయన మెషీన్ వైపు చూడలేదు. గోడ వైపు చూశారు. మీటరు చూశారు.

"ఏరా, ఇది సింగిల్ ఫేజ్ మీటరు కదా. ఇంత మోటారు దీని మీద ఎలా తిరుగుతుంది?"

రెండు హార్స్‌పవర్ ఏరేటర్ తిప్పడానికే త్రీ ఫేజ్ కోసం కరెంటాఫీసు చుట్టూ తిరిగిన మనిషి ఆయన. రెండు నెలలు ఆ షెడ్డులో కూర్చున్న నాకు, ఐటీఐ చదివిన నాకు, ఆ మీటరు కనపడలేదు. డైరెక్టర్ గారిని అడిగితే "జనరేటర్ మీద నడుస్తుందండీ" అన్నారు. నిజమే, నడిచింది, ఒకే ఒక్క పూట. ఎవరో పెద్దాయన వస్తున్నారని అద్దె జనరేటర్ తెచ్చి, అందరికీ పసుపు హెల్మెట్లు పెట్టి, మెషీన్ వేడిచేశారు. కింద నుంచి తెల్లటి ప్లాస్టిక్ తాడు, బొటనవేలంత లావుది, పాము కుబుసంలా దిగింది. దాన్ని పట్టుకుని ఫోటోలు దిగాం. గ్లవ్స్ కూడా ఇవ్వలేదు. కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటే పీకకూడదు, నీళ్లు పోసి చల్లార్చాలి, పీకితే తోలుతో సహా వస్తుంది. ఈ ఒక్క మాట చెప్పడానికి 45 వేలు అక్కర్లేదు, అదీ చెప్పలేదు. ఇప్పుడు పాంప్లెట్ మీద ఉన్న ఫోటో అదే, ఎడమ నుంచి మూడోవాడిని నేను.

ఉద్యోగం మాత్రం చూపించారు, అబద్ధం ఆడకూడదు. గుజరాత్ పక్కన సిల్వాసాలో. విజయవాడ వెళ్లి నవజీవన్ ఎక్కి సూరత్‌లో దిగి, అక్కడి నుంచి వాపి, వాపి నుంచి ఆటో. ముగ్గురం వెళ్లాం. కంపెనీ పెద్దదే, పని నిజమైనదే, కానీ మమ్మల్ని తీసుకున్నది కంపెనీ కాదు, లేబర్ కాంట్రాక్టర్. 25 వేలు అన్నది 13 అయ్యింది, పన్నెండు గంటల షిఫ్టు, గది అద్దె అందులోంచే. పోనీ పని వస్తే చాలనుకుని వెళ్లా.

రెండో రోజు షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నా సర్టిఫికెట్ చూసి, ఆపరేటర్‌వి కదా అని సక్షన్ గన్ చేతికిచ్చాడు. పరుగెత్తే దారాన్ని గాలితో లాక్కునే గొట్టం అది, దారాన్ని దానిలోకి పీల్చి పట్టుకుని రోలర్ల మీదుగా తిప్పి వైండర్‌కి అందించాలి. నేను దాన్ని అప్పటిదాకా బొమ్మలో కూడా చూడలేదు. చెయ్యి వణికింది, దారం జారింది, రోలర్‌కి చుట్టుకుంది, రెండు మూడు సెకన్లలో రోలర్ మీద బొద్దుగా గడ్డ కట్టేసింది. భయపడి చేత్తో లాగబోయాను. వెనక నుంచి ఒక ఒడియా అన్న నా చొక్కా కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాడు. లేకపోతే ఈ పోస్టు ఒక చేత్తో టైప్ చేస్తుండేవాడిని.

నన్ను తిట్టలేదు ఎవరూ. ప్యాకింగ్‌కి పంపేశారు, అంతే. అదే ఎక్కువ బాధేసింది.

ఆ అన్న దగ్గరే నాలుగు నెలల్లో నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. స్పిన్నెరెట్ మొహం మీద మసి పేరుకుంటే దారం వంకరగా దిగి తెగుతుంది కాబట్టి షిఫ్టులో ఆపి, ఇత్తడి బద్దతో గీరి, సిలికోన్ స్ప్రే కొట్టాలి. ఇనప బద్ద పెడితే మొహం గీతలు పడుతుంది. స్పిన్నెరెట్, ఫిల్టర్లు కలిపి బిగించే డబ్బాని ప్యాక్ అంటారు, కొత్త ప్యాక్‌ని ముందే ఓవెన్లో కాల్చి వేడివేడిగా బిగించాలి. బ్యారెల్ నిండా వేడి పట్టకుండా స్క్రూ తిప్పితే స్క్రూ విరగొచ్చు. తొంభై మీటర్ల దారం చుట్టి తూచి, వచ్చిన గ్రాముల్ని వందతో గుణిస్తే డెనియర్, అంటే దారం ఎంత లావో చెప్పే లెక్క. మా ట్రైనింగ్ సెంటర్లో డెనియర్ మీద రెండు మార్కుల ప్రశ్న ఇచ్చారు గానీ, తూచడానికి త్రాసు లేదు.

తిరిగి వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడే బియ్యం బస్తాలు, రొయ్యల మేత సంచులు తయారుచేసే యూనిట్‌లో టేప్ లైన్ మీద ఉన్నాను. ఇక్కడ పాలీప్రొపిలీన్, పాలియెస్టర్‌లా తేమ పీల్చదు, ఎండబెట్టే గొడవ లేదు, ముందు రేకులా తీసి నీళ్లలో చల్లార్చి, బ్లేడ్లతో చీల్చి, వేడి మీద ఐదారు రెట్లు సాగదీసి బాబిన్లకి చుట్టడమే. హెల్పర్‌గా చేరాను, మూడు నెలల్లో లైన్ నడపడం వచ్చింది, నా దగ్గర పైసా తీసుకోలేదు సరికదా జీతం ఇచ్చారు. మన ఊళ్ల పక్కనే ఉన్న ఈ యూనిట్లలోకి వెళ్లి అడక్కుండా రెండో అంతస్తు ఏసీ గదిలోకి ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలీదు.

అంత దూరం ఆలోచించలేకపోయినా, ఎవరైనా ఇలాంటి సెంటర్‌కి వెళ్తే ముందు షెడ్డు వెనక్కి వెళ్లండి. మెషీన్ నడిచే చోట వేస్ట్ ఉండి తీరుతుంది. స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు, ప్యాక్ మార్చినప్పుడు కరిగిన ముద్దలు పడతాయి, చల్లారితే రాళ్లలా అవుతాయి, చిక్కుపడిన దారం బస్తాలకి బస్తాలు పోగవుతుంది. నూనె జిడ్డు నేల మీద ఉంటుంది. మా సెంటర్ వెనక ఏముందో తెలుసా, టీ కప్పులు. తర్వాత మీటరు చూడండి, కరెంటు బిల్లు అడగండి. "మేం చూస్తుండగా చల్లటి మెషీన్ స్టార్ట్ చేసి ఒక షిఫ్టు నడపండి, అప్పుడే కడతాం" అనండి. ఒప్పుకోకపోతే వాళ్లే చెప్పినట్టు. సెంటర్ పేరు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో ఉందో లేదో ఫోన్లోనే చూసుకోవచ్చు, మాది లేదు. నా సర్టిఫికెట్ మీద ఎన్ఎస్‌క్యూఎఫ్ లెవెల్ 4 (కేంద్రం పెట్టిన నైపుణ్య స్థాయి) అని బంగారు స్టిక్కర్ ఉంది గానీ, దాన్ని ఇచ్చిన సంస్థ ఏదో లేదు, స్కాన్ చేసి చూసుకోవడానికి క్యూఆర్ కోడ్ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. నావి ఇవ్వడానికి "నాకు ఏ బాకీ లేదు, ఏ ఫిర్యాదూ లేదు" అని కాగితం రాయించుకున్నారు. రాశాను, ఏం చేస్తాను, టేప్ లైన్‌లో చేరడానికి అవి కావాలి.

నిజంగా నేర్చుకోవాలంటే విజయవాడ దగ్గర సూరంపల్లిలో ప్లాస్టిక్ పని నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ ఉంది, టెన్త్ మీద మూడేళ్ల డిప్లొమాలు ఉన్నాయి. ఐటీఐలో ప్లాస్టిక్ ప్రాసెసింగ్ ఆపరేటర్ అనే ఏడాది ట్రేడ్ ఉంది. 1961 అప్రెంటిస్ చట్టం కింద కంపెనీలో అప్రెంటిస్‌గా చేరితే వాళ్లే మనకి స్టైపెండ్ ఇవ్వాలి. ఇవన్నీ నిదానం, పాంప్లెట్ అంత తీపి కావు.

డబ్బు సంగతి అడుగుతారు కదా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. భీమవరంలో ఒక లాయరు గారిని కలిస్తే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి, 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు ఉండదు, కానీ కోర్సులు చెప్పే సంస్థలు ఈ చట్టం కిందకి రావని అవతలివాళ్లు వాదిస్తారు, 40 వేలకి రసీదు లేకపోవడం, నేను రాసిచ్చిన కాగితం రెండూ ఇబ్బందే అన్నారు. ఈలోపు నాన్నగారు ఏమీ మాట్లాడకుండా క్యారేజీ తీసుకుని వెళ్లి వాళ్ల మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. అడ్మిషన్లకి వచ్చేవాళ్లు "ఏవండీ, మీ అబ్బాయి ఇక్కడే చదివాడా" అని అడిగేవారు, ఈయన "ఆయ్, చదివాడండీ, రండి మీటరు చూపిస్తా" అనేవారు. నాలుగో రోజుకి 12 వేలు చేతిలో పెట్టారు. మిగతా 33 వేలు ఇవాళ్టికీ రాలేదు.

పోయిన నెల ఆ కాంప్లెక్సుకి తాళం పడింది. ఇప్పుడు గోదావరి అవతల, కోనసీమ వైపు కొత్త బోర్డుతో తెరిచారని నాతో చదివినవాడు ఫోటో పంపాడు. పేరు వేరు, మెషీన్‌కి నీలం రంగు వేశారు. కానీ హాపర్‌కి ఎడమ పక్క, చిప్స్ పోసే మూత కింద, అరచెయ్యంత సొట్ట ఉంటుంది, మేం ఫోటో రోజు నిచ్చెన పడేసినప్పుడు పడింది. రంగు వేసినా అది కనపడుతోంది. అటువైపు ఎవరైనా చేరడానికి వెళ్తే ఒకసారి ఆ మూత కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి.