97, ఆర్చర్డ్ స్ట్రీట్: అద్దెకున్నవాళ్ళ మ్యూజియం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే న్యూయార్క్ చూపించడానికి మనవాళ్ళందరి దగ్గరా ఒకటే లిస్టు ఉంటుంది. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, ఓపికుంటే బ్రూక్లిన్ బ్రిడ్జి. అందులో ఏది తీసేసినా పర్వాలేదు, లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఉన్న టెనెమెంట్ మ్యూజియం (టెనెమెంట్ అంటే వాటాలుగా అద్దెకిచ్చే బిల్డింగ్) మాత్రం చేర్చండి. అమెరికా ఎలా తయారైందో నాకు అర్థమైంది అక్కడే. మా నాన్నకి అర్థమైందీ అక్కడే.

మ్యూజియం అనగానే గాజు అల్మరాలూ రాజుల కత్తులూ ఊహించుకోకండి. 1863లో లూకస్ గ్లోక్నర్ అనే జర్మన్ దర్జీ కట్టించిన ఐదంతస్తుల అద్దె బిల్డింగే ఇక్కడ మ్యూజియం. 1935 దాకా ఇరవైకి పైగా దేశాల నుంచి వచ్చినవాళ్ళు, దాదాపు 7,000 మంది, ఇందులో కాపురాలు చేశారు. ఆ ఏడాది, అగ్నిప్రమాదాల భయంతో తెచ్చిన కొత్త రూల్స్ ప్రకారం మెట్లూ నడవాలూ మార్పించడం ఖర్చని ఓనర్ పై అంతస్తుల్లో అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించేశాడు. కింద షాపులు నడిచాయి కానీ పైవాటాలు దశాబ్దాల పాటు ఎవరికీ అద్దెకివ్వలేదు. 1988లో రూత్ ఏబ్రమ్, అనితా జేకబ్సన్ అనే ఇద్దరు మ్యూజియం పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వచ్చేసరికి పైవాటాలు గోడల కాగితాలతో సహా అలాగే ఉన్నాయి.

జెర్సీ సిటీ నుంచి మేం పాత్ ట్రైన్‌లో వెళ్ళి, పద్నాలుగో వీధి దగ్గర ఎఫ్ ట్రైన్ మారి, డిలాన్సీ స్ట్రీట్‌లో దిగాం. స్టేషన్ నుంచి నాలుగడుగులే. టికెట్లు, పుస్తకాల షాపు 103 నంబరు బిల్డింగ్‌లో ఉంటాయి. అక్కడి నుంచి గైడ్ మనల్ని 97కి తీసుకెళ్తారు. మన ఇష్టమొచ్చినట్టు తిరగడానికి వీల్లేదు, ప్రతిదీ గైడ్‌తో చూడాల్సిందే. మా గుంపులో పది పన్నెండు మందికి మించి లేరు. ఒక్కో టూర్ ఒకటో రెండో కుటుంబాల కథ చెప్తుంది, దేని టికెట్ దానిదే. టూర్ల పేర్లూ జతలూ మారుస్తుంటారు కాబట్టి పేరు కాకుండా ఏ కుటుంబం గురించో చూసుకుని బుక్ చేసుకోండి. మేం తీసుకున్నది గంపర్ట్స్, బాల్డిజీ అనే రెండు కుటుంబాలది.

మా నాన్న నరసరావుపేటలో దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా చెట్టు కింద బల్ల వేసుకుని జీవితమంతా సరిహద్దులు రాసిన మనిషి. లోపలికి రాగానే ఆయన చూసింది కొలతలు. అంతస్తుకి నాలుగు వాటాలు, వాటాకి మూడు గదులు: వీధి వైపో పెరటి వైపో కిటికీలున్న ముందు గది, మధ్యలో వంటగది, చివర పడకగది. మొత్తం 325 చదరపు అడుగులని గైడ్ చెప్పగానే, "ముప్పై ఆరు గజాలమ్మా" అన్నారు నాన్న. కట్టినప్పుడు నీళ్ళ పంపూ మరుగుదొడ్లూ పెరట్లోనే. పై అంతస్తు నుంచి కిందకి దిగి, నీళ్ళు మోసుకుని మళ్ళీ ఎక్కాలి. 1901లో టెనెమెంట్ హౌస్ యాక్ట్ వచ్చాకే బిల్డింగ్ లోపల దొడ్లు కట్టారు. వంటగదికీ ముందు గదికీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంటుంది. గది నుంచి గదిలోకి కిటికీ ఎందుకా అనిపిస్తుంది. వెలుతురు చొరని గదులకి కాస్త గాలీ వెలుతురూ రావాలని చట్టం పట్టుబడితే ఓనర్లు కొట్టించిన కిటికీలట అవి.

నథాలీ గంపర్ట్స్ కథ నాన్నని పట్టేసింది. ప్రష్యా అనే జర్మన్ రాజ్యం నుంచి వచ్చిన యూదు ఆవిడ. ఆ రోజుల్లో ఈ పేటలో ఎటు చూసినా జర్మన్ వాళ్ళే. బెర్లిన్, వియన్నా తర్వాత జర్మన్ మాట్లాడేవాళ్ళు అంత మంది ఉన్న నగరం న్యూయార్కేనట. భర్త జూలియస్ చెప్పుల పనివాడు. 1873లో జే కుక్ బ్యాంకు కుప్పకూలి దేశమంతా పనులు పోయాయి. మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఒకరోజు జూలియస్ పనికని బయల్దేరి మళ్ళీ ఇంటికి రాలేదు. చేతిలో చిన్నపిల్లలు. ఆవిడ కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టి ఇల్లు లాక్కొచ్చింది. ముందు గదిలో కిటికీ పక్కన ఆ కాలపు మిషన్ ఒకటి పెట్టారు. పగటి వెలుతురు పడేది ఆ ఒక్క చోటే కాబట్టి కుట్టుపని జరిగేది అక్కడే అని గైడ్ చెప్పారు.

కొన్నేళ్ళకి జూలియస్ తండ్రి జర్మనీలో పోయాడు. కొడుకు వాటాకి 600 డాలర్ల చిల్లర వచ్చింది. కొడుకే లేడు, మరి ఆ డబ్బు కోడలికి రావాలంటే? 1883లో నథాలీ కోర్టుకెక్కింది, నా భర్త చనిపోయినట్టు తేల్చమని. బిల్డింగ్ కింద సారా దుకాణం నడిపే జాన్ ష్నైడర్ ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పాడు. గైడ్ ఆ కోర్టు కాగితాల నకలు అందరి చేతుల్లోకీ పంపించారు. నాన్న కళ్ళజోడు పైకెత్తి, కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని, పై నుంచి కింద దాకా చదివారు. చేతిరాత, సాక్షి వాంగ్మూలం, సంతకం. తర్వాత నెమ్మదిగా నాతో, "ఏడేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క. మన పాత ఎవిడెన్స్ యాక్టులో నూట ఎనిమిదో సెక్షన్ కూడా ఇదే. వాళ్ళకీ మనకీ ఈ లా ఇంగ్లీషువాళ్ళ నుంచే వచ్చింది" అన్నారు. 2024 దాకా నడిచిన, 1872 నాటి మన ఎవిడెన్స్ యాక్ట్ రాసింది ఇంగ్లీషువాళ్ళే కదా. అది గైడ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ టూర్ ఆపి మరీ నాన్నని ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. విన్నవాళ్ళని ఇలా మాట్లాడనివ్వడం ఈ మ్యూజియంలో నాకు బాగా నచ్చింది. ఎవరూ బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పరు.

ఈ మ్యూజియం గొప్పతనం ఆ కాగితాల్లోనే ఉందని నా అభిప్రాయం. నథాలీ డైరీ రాసుకోలేదు, ఫొటోలు దిగి ఆల్బమ్‌లు దాచుకోలేదు. సెన్సస్‌లో ఒక వరస, సిటీ డైరెక్టరీలో (ఊళ్ళోవాళ్ళ పేర్లూ పనులూ అడ్రసులూ ఉండే పుస్తకం) ఒక వరస, కోర్టులో ఒక అర్జీ, అంతే. ఆ మూడిటినీ పక్కపక్కన పెట్టి ఒక మనిషిని నిలబెట్టారు. గదుల్లో ఉన్న సామాను చాలా మటుకు ఆ కుటుంబాలది కాదు, ఆ కాలానిది. ఆ సంగతి వాళ్ళు దాచరు.

ఎదుటి వాటా బాల్డిజీలది, 1930ల నాటిది. ఇది అమ్మకి బాగా దగ్గరైంది. అడాల్ఫో, రొసారియా సిసిలీ ద్వీపం నుంచి వచ్చినవాళ్ళు. అప్పటికి ఇటలీ వాళ్ళ రాకకి అమెరికా తలుపులు మూసేస్తోంది. 1924 చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టి, దక్షిణ, తూర్పు యూరప్ వాళ్ళని నామమాత్రంగా రానిచ్చింది, ఆసియా వాళ్ళనైతే దాదాపు పూర్తిగా ఆపేసింది. ఆ ఆసియా వాళ్ళలో మనమూ ఉన్నాం. 1965లో ఆ కోటాలు ఎత్తేశారు కాబట్టే మన డాక్టర్లూ ఇంజినీర్లూ రాగలిగారు, వాళ్ళ వెనకే మేమూ వచ్చాం. ఆ మాట అమ్మకి చెప్తే వంటగది గుమ్మంలో నిలబడి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అడాల్ఫో వడ్రంగి. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో పనిముట్ల పెట్టె మోసుకుని వీధి వీధీ తిరిగేవాడు. రొసారియా కోట్లకి లోపలి గుడ్డ కుట్టేది. సర్కారు పంచిన చీజ్ పెట్టెలు ఖాళీ అయ్యాక వాటిలో మట్టి పోసి కిటికీ దగ్గర పూల తీగలు పెంచేవాళ్ళు. వాళ్ళ అమ్మాయి జోసెఫీన్ పెద్దయ్యాక మ్యూజియం వాళ్ళకి తన జ్ఞాపకాలు చెప్పింది. ఆ వంటగదిలో నిలబడే ఆవిడ గొంతు వింటాం. బట్టలుతికే తొట్టిలోనే స్నానం, వారం వారం ఇల్లు తోమడం, అమ్మ ఊరు తలుచుకుని ఏడవడం. యూదుల కుటుంబం రోగర్‌షెవ్‌స్కీలు కూడా అదే బిల్డింగ్‌లో ఉండేవారు. ఆ ఇంటి పెద్దావిడ ఫానీ శుక్రవారం సాయంత్రం ఈ పిల్లని పిలిచేదట, లైటు వేసిపొమ్మని. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే సబ్బత్ నాడు, అంటే వాళ్ళ విశ్రాంతి రోజున, వాళ్ళు దీపం ముట్టుకోరు. క్యాథలిక్ పిల్ల వెళ్ళి తాడు లాగి లైటు వేసి వచ్చేది. "మా నాయనమ్మ మడిలో ఉంటే పక్కింటి మస్తానమ్మ వచ్చి స్విచ్చి వేసేది" అంది అమ్మ, టేపు ఇంకా నడుస్తుండగానే.

తర్వాత నేనొక్కదాన్నే ఇంకో టూర్‌కి వెళ్ళాను, యూనియన్ ఆఫ్ హోప్ అని. దీని వెనక కథ విడిగా చెప్పుకోవాలి. 97లో 1869లో జోసెఫ్ మూర్ అనే ఐరిష్ వెయిటర్ ఉండేవాడు. ఆ కుటుంబం పసిబిడ్డని పోగొట్టుకున్న కథని మ్యూజియం ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చింది. ఆ కాలపు సిటీ డైరెక్టరీలో ఆయన పేరున్న చోటే ఇంకో జోసెఫ్ మూర్ ఉన్నాడు. అతనూ వెయిటరే. పక్కన నల్లజాతివాడని గుర్తు వేశారు, అడ్రసు లారెన్స్ స్ట్రీట్. చూసినవాళ్ళు మరి ఈయన సంగతేమిటని అడుగుతూ వచ్చారు. మ్యూజియం ఆ ప్రశ్నని తీసుకుని పరిశోధన చేసి, 97లో ఎప్పుడూ ఉండని ఆ జోసెఫ్, రేచల్ మూర్ల ఇల్లు పై అంతస్తులో కట్టి చూపించింది. ఈ బిల్డింగ్‌లో లేనివాళ్ళ ఇల్లు ఇక్కడెందుకని విమర్శించినవాళ్ళున్నారు. చూశాక నాకు ఆ విమర్శ నిలబడలేదు. ఆ వీధుల్లో ఆయనా అద్దె కట్టాడు, ఆయనా ట్రేలు మోశాడు. డైరెక్టరీలో ఒకే పేరుతో, ఒకే పనితో ఇద్దరున్నప్పుడు ఒకరి కథే చెప్పి ఊరుకుంటే అది న్యూయార్క్ చరిత్ర ఎలా అవుతుంది?

బాగుచేసిన గదులు ఎంత చక్కగా ఉన్నా, బాగుచేయకుండా దొరికింది దొరికినట్టే ఉంచిన వాటా మాత్రం వదలకండి. గోడ మీద వాల్‌పేపర్ మీద వాల్‌పేపర్, పొరలు పొరలుగా ఊడి వేలాడుతుంటుంది. చిరిగిన ఒక్కో అంచు దగ్గర ఒక్కో రంగు, ఒక్కో పువ్వు. కొత్తగా దిగినవాళ్ళు పాతది పీకకుండా దాని మీదే ఇంకోటి అంటించుకున్నారు.

ఆకలేస్తే: హ్యూస్టన్ స్ట్రీట్‌లో 1910 నుంచి ఉన్న యోనా షిమ్మెల్‌లో బంగాళాదుంప క్నిష్ తినండి. పిండి పలచగా, లోపల కూర దట్టంగా, వేడివేడిగా ఇస్తారు. శాకాహారులకి నిశ్చింత, ఉప్పుకారం మాత్రం మన నాలుకకి చాలదు. అమ్మ బ్యాగులోంచి కారప్పొడి తీసింది. క్యాట్జ్ డెలి కూడా ఆ చుట్టుపక్కలే, 1888 నాటిది, కానీ అది మాంసం తినేవాళ్ళ చోటు.

ఎవరికి సరిపడదంటే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి 97 కష్టం. లిఫ్టు లేదు, పాత కాలపు మెట్లు, చాలాసేపు నిలబడాలి. వాళ్ళు 103 నంబరులోని టూర్ అడగండి, అక్కడ లిఫ్టు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన యూదు, ప్యూర్టోరికో, చైనా కుటుంబాల ఇళ్ళు అందులో చూపిస్తారు. చైనా కుటుంబంలో అమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళ్ళిన మనిషి, మన కాలానికి బాగా దగ్గర. చిన్నపిల్లలకి గదిగదికీ ఆగి వినడం విసుగు, ఎలిమెంటరీ స్కూలు దాటినవాళ్ళనైతే తప్పకుండా తీసుకెళ్ళండి. శనాదివారాల టికెట్లు ముందే అయిపోతాయి, వీలుంటే మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి. ఇంగ్లీషు యాస అందని పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ సంగతి గైడ్‌కి మొదటే చెప్పండి. మాకు చెప్పినావిడ కథ కథకీ మధ్య ఆగి, నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యాకే పక్క గదిలోకి తీసుకెళ్ళారు.